ఓడ ఎక్కనన్నావట

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నీ దగ్గరనుంచి కబురు లేక చాలా రోజులైంది. చదువు ఒత్తిడే అయివుంటుందని మీ అమ్మకు సర్దిచెబుతున్నాను. సముద్రాన్ని ఉపగ్రహ చిత్రాలతో పరిశీలించే పని మొదలైనప్పటినుంచి నువ్వు కంప్యూటరు ముందునుంచి లేవడం లేదని, నీటి నమూనాలకోసం ఓడ మీద వెళ్లే బృందంలో పేరు ఇవ్వలేదని మీ అక్క మాటల్లో తెలిసింది. ఇందులో నిజమెంతో నువ్వే చెప్పాలి.

నువ్వు ఎంచుకున్న విద్య గొప్పది. 1992లో ప్రయోగించిన టోపెక్స్-పొసైడన్ ఉపగ్రహం 1,336 కిలోమీటర్ల ఎత్తునుంచి రాడార్ తరంగాలు పంపి, అవి తిరిగివచ్చే సమయాన్ని బట్టి సముద్రమట్టాన్ని కొద్ది సెంటీమీటర్ల తేడాతో చెప్పగలిగిందని నువ్వు వివరించిన నాడు నాకు ఎంత గర్వం కలిగిందో మీ అమ్మకు తెలుసు. అయితే నీటి రంగును బట్టి అందులోని సూక్ష్మ మొక్కల పత్రహరితాన్ని లెక్కకట్టేటప్పుడు, ఉపగ్రహంలోని, సెన్సర్‌కు చేరే వెలుతురులో సుమారు 90 శాతం వాతావరణానిదేనని, సముద్రానిది మిగిలిన కొంచెమేనని కూడా నువ్వే అన్నావు. అంత కొంచెంలోనుంచి రాబట్టిన అంకెను నీటితో సరిచూడకుండా ఎలా నమ్ముతావమ్మా?

1982 సంగతి నీకు మళ్లీ చెప్పాలి. ఆ ఏడాది మార్చి, ఏప్రిల్ నెలల్లో మెక్సికోలోని ఎల్ చిచోన్ అగ్నిపర్వతం బద్దలై, దాని గంధకపు తుంపరలు మబ్బులకు పైనుండే స్ట్రాటోస్ఫియర్‌లో పొరలా పరుచుకున్నాయి. సముద్రంనుంచి పైకి వచ్చే పరారుణ కిరణాలను ఆ పొర కొంత అడ్డుకోవడంతో, ఉపగ్రహాలు నీటి ఉష్ణోగ్రతను ఉన్నదానికంటే తక్కువగా చూపించాయి. సరిగ్గా అప్పుడే పసిఫిక్‌లో ఎల్‌నినో, అంటే భూమధ్యరేఖ దగ్గరి నీరు మామూలుకంటే వేడెక్కే పరిణామం, తలెత్తుతోంది. ఓడలు ఆ వేడిని కొలిచి పంపినా, మామూలుకంటే మరీ ఎక్కువగా ఉన్నాయంటూ ఆ కొలతలను తప్పులకింద జమకట్టి పక్కనపెట్టారు. ఆ శతాబ్దంలోనే అతి బలమైన ఎల్‌నినోలలో ఒకటి కళ్లముందే పెరుగుతుంటే, ఆలస్యంగా గాని గుర్తించలేకపోయారు. పసిఫిక్ భూమధ్యరేఖ వెంబడి లంగరు వేసిన బోయాల (నీటి మీద తేలుతూ కొలతలు తీసే సాధనాల) వరుసను ఆ తరువాతే మొదలుపెట్టి 1994 నాటికి పూర్తిచేశారు.

అందుకే ఇంతగా చెబుతున్నాను. ఉపగ్రహం తలమీదుగా దాటే వేళకు నువ్వు ఆ నీటి మీదే ఉండి, తోడిన నీటిని వడగట్టి, ఆ గుండ్రటి వడపోత కాగితం మీద పేరుకున్న లేత పచ్చదనాన్ని నీ కళ్లతో చూడాలి. అప్పుడు తెర మీది రంగులో ఏది సముద్రమో, ఏది పలుచని మబ్బో, ఏది ఒడ్డునుంచి కొట్టుకొచ్చిన బురదో నీకే తెలుస్తుంది.

ఓడలో తల తిరుగుతుందని భయమైతే, ఎక్కకముందే డాక్టరును అడిగి మాత్ర వేసుకో. ఖాళీ కడుపుతో ఉండకు. రాత్రివేళ డెక్ మీదకు ఒంటరిగా వెళ్లకు. కళ్లద్దాలు ఇంకో జత దగ్గర ఉంచుకో, గాలికి ఎగిరిపోతే అక్కడ దొరకవు. పేరు ఇవ్వడానికి గడువు ఎప్పటిదాకా ఉందో వెంటనే రాయి.

మీ నాన్న