మన దీవిని మన పిల్లలే చూపించాలి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

చలికాలం మొదలైతే సెలవు రోజుల్లో నాగాయలంక నుంచి మన ఎదురుమొండి దీవికి వచ్చేవారు పెరుగుతారు. ఏరు దాటించే పంటు దిగగానే వారు అడిగే మొదటి ప్రశ్న, ఇక్కడ చూడడానికి ఏమున్నాయని. "ఏమీ లేవండీ" అని మన పిల్లలు బదులివ్వడం విని ఉపాధ్యాయులం కొంత నొచ్చుకున్నాము. అందుకే ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థుల చేత మన దీవి గురించి ఒక చిన్న పుస్తకం రాయిస్తున్నాము.

ఇందులో మాకు తెలిసినది తక్కువ, మీకు తెలిసినది ఎక్కువ. మడ చెట్టు శ్వాసవేర్లు బురదలోంచి పెన్సిళ్లలా పైకి ఎందుకు పొడుచుకు వస్తాయో, దాని ఆకుపై వేలు రాసి నాలుకకు తాకిస్తే ఉప్పగా ఎందుకు ఉంటుందో మేము తరగతిలో చెప్పగలం. అమావాస్య, పౌర్ణమి నాటి పోటును చూసుకుని వల ఎప్పుడు వేయాలో, పొట్ట దగ్గరి డిప్పను బొటనవేలితో నొక్కి కండ పట్టిన పీతను నీరు పట్టిన పీత నుంచి ఎలా వేరు చేయాలో మాత్రం మీరే చెప్పాలి. దయచేసి పిల్లలు అడిగినప్పుడు "చదువుకో పో" అనకండి. ఈ నెల వారి చదువు అదే.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన తాతయ్యలు, నాయనమ్మలు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నారు. దివిసీమలో వేలమందిని బలిగొన్న ఆ రాత్రి గురించి చెప్పడానికి ఇష్టపడినవారి మాటలనే రాసుకోవాలని, ఇష్టపడనివారిని ఒత్తిడి చేయరాదని పిల్లలకు గట్టిగా చెప్పాము. కెరటాల ఉద్ధృతిని తగ్గించే మడ అడవిని వంటచెరకు కోసం నరకకూడదన్న మాట మా నోట విన్నదానికంటే వారి నోట వింటే పిల్లల మనసుకు పడుతుంది.

సంక్రాంతి సెలవుల తరువాత మొదటి శనివారం ఈ రెండు తరగతులను పడవపై కృష్ణా అభయారణ్యం అంచు వరకు తీసుకువెళ్తాము. చేపలు పట్టి తినే బావురుపిల్లి రాత్రిపూట తిరిగేది కనుక కనిపిస్తుందని పిల్లలకు ఆశ పెట్టలేదు. బురదలో దాని అడుగుజాడ దొరికినా చాలు. అది ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఒడ్డుకు వచ్చి గుడ్లు పెట్టే కాలం కాబట్టి, ఇసుకలో గూడు కనబడితే ఎవరూ తాకరాదు. హంసలదీవిలోని వేణుగోపాలస్వామి ఆలయానికి, సాగరసంగమానికి మాఘ పౌర్ణమి రద్దీ తగ్గాక వేరుగా వెళ్తాము.

పడవ ఎక్కే ప్రతి విద్యార్థీ ఈత వచ్చినా రాకున్నా లైఫ్ జాకెట్ వేసుకోవలసిందే. ఏట్లో పుట్టి పెరిగిన పిల్లలకు అవెందుకని కొందరు తండ్రులు నవ్వుతున్నారు గాని, ఈ విషయంలో పాఠశాల మినహాయింపు ఇవ్వదు. దీనితో జతచేసిన అనుమతి పత్రంపై సంతకం చేసి తరగతి ఉపాధ్యాయునికి పంపండి. గాలి ఎక్కువగా ఉంటే ప్రయాణాన్ని వాయిదా వేసి, ఆ ఉదయమే మీకు కబురు చేస్తాము.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు