తూటా వంకరకు పిల్లలనా తిట్టడం?

సంపాదకులకు నమస్కారం.

కర్నూలులో ముప్పై ఏళ్లుగా లేత్ పని చేస్తున్నాను. మా అమ్మాయి 50 మీటర్ల రైఫిల్ సాధన చేస్తోంది. అందులో పది పాయింట్ల వలయం అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లే. గురి తప్పిందా, చెయ్యి వణికిందని అందరూ పిల్లనే అంటారు. మొన్న శిక్షకుల ఎదుటే తూటాలను అద్దం పలక మీద దొర్లించి చూశాను. కొన్నిటి మొన కంటికి తెలిసేలా ఊగింది! తూటా మొనన ఉండే గుండు, దాన్ని పట్టి ఉంచే తొడుగు ఒకే ఇరుసు మీద లేకపోతే గుండు బ్యారెల్ లోపలి గాడుల్లోకి ఓరగా దిగుతుంది, గురి తప్పుతుంది. లేత్‌లో కడ్డీని పట్టి తిప్పే చక్‌లో సెంటరు తప్పిన కడ్డీ కొట్టుకున్నట్టే. రైఫిల్ తూటాలు సొంతంగా నింపుకునే విదేశీ క్రీడాకారులు ఈ ఊపును డయల్ గేజితో, అంటే చిన్న తేడాను కూడా ముల్లుతో చూపే కొలత పరికరంతో, కొలిచి వంకరవి వేరు చేస్తారు. మన శిక్షణ కేంద్రాలూ ఆ గేజి ఒకటి కొనిపెట్టాలి. సూటిగా ఉన్నవి పోటీకి, మిగిలినవి సాధనకు వాడితే ఒక్క తూటా కూడా వృథా కాదు.

– ఒక టర్నర్, కర్నూలు