టోక్యోలో నిండు గ్లాసు, కొలోన్‌లో అట్టముక్క

కొలోన్,
అక్టోబర్ 12

ప్రియమైన వాసూ,

నీ ఉత్తరం అందింది. జనవరి నుంచి రెండేళ్ళపాటు టోక్యోలో ఉద్యోగమని చదివి నేనూ మా ఆవిడా ఎంతో సంతోషించాము. ఇల్లు, బియ్యం, పిల్లవాడి బడి గురించి నువ్వు అడిగిన వాటన్నింటికీ ఆవిడ చెల్లెమ్మకు విడిగా రాస్తోంది కాబట్టి, ఉత్తరం చివర నువ్వు సరదాగా వేసిన ప్రశ్న ఒక్కటే నేను తీసుకుంటాను. "బీరు ఎక్కడైనా బీరే కదా, దానికి కూడా మర్యాదలు నేర్చుకోవాలా?" అని అడిగావు. ఆరేళ్ళు టోక్యోలోనూ, ఇప్పుడు నాలుగేళ్ళుగా జర్మనీలోని ఈ కొలోన్‌లోనూ ఉన్నవాడిగా చెబుతున్నాను, నేర్చుకోవాలి. నీ గ్లాసు మీద ఎవరి కన్ను ఉంటుందనే దగ్గరే ఈ రెండు చోట్లకూ తేడా వస్తుంది. అది తెలియక రెండు ఊళ్ళలోనూ అభాసుపాలయినవాణ్ణి నేను.

టోక్యోలో చేరిన మొదటి వారంలోనే మా విభాగం వాళ్ళు నన్ను ఒక ఇజకాయాకు తీసుకెళ్ళారు. వాకిట్లో ఎర్ర కాగితపు లాంతరు వేలాడుతూ, తినడానికీ తాగడానికీ వీలుగా ఉండే చిన్న హోటలు అది. కూర్చున్నామో లేదో ఎవరో "తోరియేజు బీరు" అన్నారు. ప్రస్తుతానికి బీరు కానివ్వండి, మిగతా సంగతి తరవాత చూద్దాం అని దాని అర్థం. ఎవరికేం కావాలో ఒక్కొక్కరినీ అడుగుతూ పోతే గ్లాసులు అందరికీ ఒకేసారి రావు, అందరికీ రాకుండా ఎవరూ ముట్టుకోరు, అందుకని మొదటి విడత అందరికీ బీరే. అడగకుండానే ఒక చిన్న గిన్నెలో ఏదో కూర కూడా వచ్చింది. అది ఊరికే ఇచ్చిన మంచింగ్ అనుకునేవు సుమా, దాన్ని ఒతోషి అంటారు, దాని ధర బిల్లులో ఉంటుంది, అడగలేదని గొడవ పడితే నవ్వులపాలవుతావు. గ్లాసులు ఎత్తి "కన్‌పై" అన్నాము. గిన్నె ఖాళీ చెయ్యి అని ఆ మాటకు అక్షరార్థం, కానీ చెయ్యమని ఎవరూ పట్టుబట్టరు. అంతవరకూ బాగానే నడిచింది. తరవాత సీసాలు వచ్చాయి. నా గ్లాసు ఖాళీ కాగానే, మనమెప్పుడూ చేసినట్టే, సీసా అందుకుని నేనే పోసుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు కానీ, ఎదురుగా ఉన్న పెద్దాయన నా వైపు తల వంచి క్షమాపణ చెప్పాడు. పోసుకున్నది నేనైతే క్షమాపణ ఆయనదేమిటో ఆ రాత్రి నాకు అర్థం కాలేదు. నా గ్లాసు ఖాళీ కావడం తాను చూడలేదని ఆయన నొచ్చుకున్నాడని మరునాడు ఆఫీసులో పక్క సీటు ఆవిడ చెప్పింది.

అక్కడ పెద్ద సీసాలో 633 మిల్లీలీటర్లు పడతాయి. మన 650కి అలవాటు పడ్డ కంటికి ఇదేం లెక్క అనిపిస్తుంది. ఒక్కో కంపెనీ సీసా ఒక్కో కొలతలో ఉండడం పన్ను వసూలుకు చిక్కుగా మారడంతో, 1944లో అన్నింటిలోకీ చిన్న సీసా కొలతనే అందరికీ ఖాయం చేశారు. గ్లాసు మాత్రం గుప్పిట్లో ఇమిడిపోయేంత ఉంటుంది. మొదట్లో నేను దాన్ని పిసినారితనం అనుకున్నాను. కానీ ఆచారమంతా ఆ చిన్న గ్లాసులోనే ఉంది. అది మూడు గుక్కల్లో ఖాళీ అవుతుంది, ఖాళీ అయినప్పుడల్లా ఎవరో ఒకరు సీసా ఎత్తాలి, ఎత్తినప్పుడల్లా ఆ ఇద్దరి మధ్య రెండు మాటలు నడుస్తాయి. రోజంతా ఆఫీసులో పలకరించుకోని ఇద్దరు మనుషులు కూడా ఆ సాయంత్రం పది సార్లు ఎదురెదురు పడక తప్పదు.

నీ వైపు ఎవరైనా సీసా ఎత్తితే ఏం చెయ్యాలో వరసగా చెబుతాను, గుర్తుంచుకో. గ్లాసులో మిగిలినదాన్ని ముందు ఒక గుక్క తగ్గించు. గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, బల్ల మీద నుంచి పైకెత్తి, కాస్త వంచి అవతలివాళ్ళకు అందించు. పోశాక వెంటనే కింద పెట్టెయ్యకుండా ఒక గుక్క తాగి పెట్టు. ఆ తరవాత సీసా నువ్వు తీసుకో, కుడిచేత్తో పట్టుకుని ఎడమచేతిని కింద ఆనించి, చీటీ ఉన్న వైపు పైకి కనిపించేలా తిప్పి, వాళ్ళకు పొయ్యి. గ్లాసులు తాకించేటప్పుడు నీకన్నా పెద్దవాళ్ళ గ్లాసు అంచు కంటే నీ గ్లాసు అంచు ఒక వేలెడు కిందికి ఉండాలి. ఇద్దరూ మర్యాదస్థులైతే నువ్వు దించావని వాళ్ళూ, వాళ్ళు దించారని నువ్వూ, చివరికి ఇద్దరి గ్లాసులూ బల్లకు ఆనుకుంటాయి. ఇది నేను కళ్ళారా చూశాను.

తమాషా ఏమిటంటే ఈ బీరు యూరప్ నుంచి వెళ్ళినదే. నార్వేలో పుట్టి అమెరికా పౌరుడైన విలియం కోప్లండ్ యోకొహామాలో 1870 ప్రాంతాల్లో సారాయి బట్టీ కాదు, అచ్చమైన బీరు కర్మాగారం పెట్టాడు. నకగావా సేఇబేయ్ అనే ఆయన జర్మనీలో పని నేర్చుకుని వచ్చి 1876లో సప్పోరోలో ప్రభుత్వం తెరిచిన కర్మాగారంలో బీరు కాచే పనికి పెద్ద అయ్యాడు. కాచే పద్ధతి జర్మనీ నుంచి వచ్చింది కానీ తాగే పద్ధతి రాలేదు. అప్పటికే వాళ్ళకు బియ్యంతో చేసే సాకే ఉంది, చిన్న కూజాలోంచి చిన్న గిన్నెల్లోకి ఒకరికొకరు పోసుకునే అలవాటు ఉంది. పెళ్ళిలో వధూవరులు సైతం మూడు గిన్నెల సాకేను మూడేసి గుక్కలుగా పంచుకుంటారు. బీరు వచ్చి ఆ పాత మర్యాదలోకి ఒదిగిపోయింది. పోసే చెయ్యి ఎదుటివాడిది అయ్యేసరికి బాధ్యత కూడా వాడిదే అవుతుంది. 2007లో మార్చిన చట్టం ప్రకారం బండి నడపబోయేవాడికి మద్యం అందించినవాళ్ళకూ, తెలిసి ఆ బండిలో ఎక్కినవాళ్ళకూ కూడా శిక్ష పడుతుంది. కాబట్టి నువ్వు తాగని రోజున మొదట్లోనే చెప్పెయ్యి. నీ గ్లాసులో ఊలాంగ్ టీ పోస్తారు, పోయడం మాత్రం మానరు. ఈ మధ్య కుర్రవాళ్ళు మొహమాటం లేకుండా వద్దంటున్నారు, బలవంతంగా తాగించడాన్ని వేధింపు కింద లెక్కగట్టే మాట కూడా వాళ్ళ భాషలో పుట్టింది. నాకైతే అది మంచి మార్పే.

మరి ఇక చాలు అని ఎలా చెప్పాలి? మీ పెదనాన్నగారింట్లో పెళ్ళి బంతిలో నెయ్యి గిన్నె వస్తుంటే విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి, వేళ్ళ సందుల్లోంచి పోయించుకున్న సంగతి నీకు గుర్తుందనుకుంటాను. అలా చేతులు అడ్డం పెట్టడం టోక్యోలో మోటుగా ఉంటుంది. నోటితో వద్దనడం కన్నా గ్లాసును నిండుగా వదిలెయ్యడం మేలు. నిండు గ్లాసును ఎవరూ కదిలించరు. మర్యాదకని తాగి ఖాళీ చేశావో, మళ్ళీ పోస్తారు. అన్నం వదిలితే తప్పు అని పెరిగిన నాకు ఆ నిండు గ్లాసును వదిలి లేవడం నేర్చుకోవడానికి ఏడాది పట్టింది.

ఆ చదువంతా చదివి కొలోన్‌కు వచ్చి మొదటి నుంచీ మళ్ళీ మొదలుపెట్టాను. ఇక్కడి బీరును కోల్ష్ అంటారు, సన్నగా నిలువుగా ఉండే 200 మిల్లీలీటర్ల గ్లాసులో ఇస్తారు. పెద్ద గ్లాసులో పోస్తే సగం తాగేలోపు నురుగు చచ్చి చప్పబడుతుందని వీళ్ళ వాదన. నీలం ఏప్రను కట్టుకున్న సర్వరును కోబెస్ అంటారు. గుండ్రటి పళ్ళెంలో చుట్టూ గ్లాసులు గుచ్చుకుని తిరుగుతుంటాడు, ఖాళీ గ్లాసు కనబడితే అడగకుండానే ఇంకొకటి పెట్టి, గ్లాసు కింద ఉన్న అట్టముక్క మీద పెన్సిలుతో ఒక గీత గీసి పోతాడు. ఆ గీతలే బిల్లు. మర్యాదగా ఉంటాడనుకోకు, మంచినీళ్ళడిగితే సబ్బూ తువ్వాలూ కూడా కావాలా అంటాడని ఇక్కడ చెప్పుకునే హాస్యం. మొదటి సాయంత్రం నేను పోసినవాణ్ణి నొప్పించకూడదని ఖాళీ చేస్తూ పోయాను, అతను పెడుతూ పోయాడు. పదకొండు గీతలయ్యాక పక్క బల్ల ముసలాయన జాలిపడి, అట్టముక్క తీసి గ్లాసు మీద మూతలా పెట్టమని సైగ చేశాడు. చాలు అనడానికి ఇక్కడ అదే గుర్తు, చెక్ దేశంలోనూ కాగితపు చీటీ మీద గీతలు, గ్లాసు మీద అట్టముక్క, ఇంచుమించు ఇదే తంతు. ఇక్కడ నీ గ్లాసును చూసేవాడు సర్వరు ఒక్కడే. నీ పక్కనున్న స్నేహితుడు గంటసేపు ఖాళీ గ్లాసుతో కూర్చున్నా నీ తప్పేమీ లేదు. నీ గ్లాసు నీది, నీ గీతలు నీవి. మొదట్లో నాకు ఇది కాస్త ఆప్యాయత లేనట్టుగా అనిపించింది, ఇప్పుడు హాయిగానే ఉంది.

అలాగని యూరప్ అంతా ఒకటే అనుకోకు. గ్లాసులు తాకించేటప్పుడు కళ్ళలోకి సూటిగా చూడకపోతే జర్మనీలో తప్పు పడతారు, జపాన్‌లో తల కాస్త వంచుతారు. మ్యూనిక్‌లో లీటరు జాడీ ఒక్కసారే ముందు పెడతారు, మళ్ళీ పోసే ప్రసక్తే లేదు. అక్కడి బీరు తోటల్లోకి ఇంటి నుంచి రొట్టె, ముల్లంగి, జున్ను కట్టుకుని వెళ్ళి తినవచ్చు. వేసవికని బీరును నేలమాళిగల్లో దాచి, చల్లదనానికి పైన చెస్ట్‌నట్ చెట్లు పెంచేవారు. ఆ నీడలో బల్లలు వేసి అమ్మడం మొదలుపెడితే ఊళ్ళోని హోటళ్ళవాళ్ళు గోల చేశారు, 1812లో అక్కడి రాజు మాక్సిమిలియన్ బీరు అమ్ముకోండి, రొట్టె తప్ప తిండి అమ్మకండి అని తీర్పిచ్చాడు. హంగరీలో బీరు గ్లాసులు తాకించరు. 1849లో పదముగ్గురు హంగరీ సేనానుల్లో కొందరిని ఉరితీసి, కొందరిని కాల్చి చంపి ఆస్ట్రియన్లు బీరు గ్లాసులు తాకించుకున్నారని, అందుకని హంగరీవాళ్ళు నూటయాభై ఏళ్ళు తాము ఆ పని చెయ్యమని ఒట్టు పెట్టుకున్నారని కథ చెబుతారు. గడువు తీరినా అలవాటు పోనివాళ్ళు ఇంకా ఉన్నారు.

టోక్యోకు దగ్గరగా అనిపించింది మాత్రం ఇంగ్లండే. అక్కడి పబ్బులో ఒక్కొక్కరు వంతులవారీగా అందరికీ కొనుక్కొస్తారు, ఒక్కో గ్లాసు 568 మిల్లీలీటర్ల పైంటు. ఐదుగురు వెళితే ఐదు పైంట్లన్నమాట, మధ్యలో చాలంటే లెక్క చెడుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఈ వంతులవల్లే జనం మితిమీరి తాగుతున్నారని 1915లో ఒకరికొకరు కొనిపెట్టడాన్నే అక్కడి ప్రభుత్వం నిషేధించిందంటే ఆ కట్టు ఎంత గట్టిదో చూడు. లండన్‌లో ఒకసారి నేను మూడో పైంటు తాగి, నా వంతు రాకముందే రైలు అందుకోవాలని లేచి వచ్చేశాను. ఆ సంగతి ఇప్పటికీ ఆ మిత్రబృందంలో నడుస్తూనే ఉంది.

పోయిన నెల టోక్యో నుంచి పాత సహోద్యోగి ఒకాయన పనిమీద ఇక్కడికి వచ్చాడు. మా వీధి చివరి బీరుశాలకు తీసుకెళ్ళాను. బల్ల మీద సీసా లేదు, పోయడానికి ఏమీ లేదు, ఆయన చేతులకు పని దొరక్క రెండూ ఒడిలో పెట్టుకుని కోబెస్ వచ్చినప్పుడల్లా తల వంచుతున్నాడు. నాలుగో గ్లాసు దగ్గర నేను మాటల్లో పడి నా అట్టముక్క సంగతి మరిచిపోయాను, నా తాగుడు నెమ్మదించడం ఆయన చూశాడు. కోబెస్ మా వైపు వస్తుండగా ఆయన తన గ్లాసు కింది అట్టముక్కను రెండు చేతులతో తీసి, గీతలున్న వైపు పైకి తిప్పి, నా గ్లాసు మీద పెట్టాడు. కోబెస్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మూత లేని ఆయన గ్లాసు పక్కన ఇంకొకటి పెట్టి, దాని గీత నా గ్లాసు మీదున్న అట్టముక్క మీద గీసి వెళ్ళిపోయాడు.

చెల్లెమ్మను అడిగానని చెప్పు, పిల్లవాడికి ముద్దులు. టోక్యో అడ్రసు తెలియగానే రాయి.

నీ
శ్రీధర్