గంటస్తంభం దగ్గరి చెప్పుల కొట్టు పెద్దాయనకు

డాక్టరు నడవమన్నాక రోజూ విజయనగరం కోట చుట్టూ నడిచేదాన్ని. వారానికే మడమల మీద బొబ్బలు లేచాయి. ఒకరోజు అడుగు వేయలేక మీ కొట్టు అరుగు మీద కూలబడ్డాను.

మీరు మంచినీళ్లిచ్చి, "ఇప్పుడు కొనవద్దమ్మా, సాయంత్రం రండి. పాదం కాస్త ఉబ్బాకే సరైన కొలత తెలుస్తుంది" అన్నారు. అమ్ముకునేవారు అనే మాటేనా అది!

సాయంత్రం కాగితం పరిచి, మోకాళ్ల మీద కూర్చుని, నా రెండు పాదాల చుట్టూ పెన్సిలుతో గీశారు. కుడిపాదం పెద్దదని ఇన్నేళ్లకు తెలిసింది. దానికే కొలత తీశారు. నన్ను నిలబెట్టి, కాలివేళ్ల ముందు చేతి బొటనవేలు వెడల్పు ఖాళీ ఉందో లేదో నొక్కి చూశారు. మడమ జారుతోందని ఖరీదైన రెండు జతలు మీరే పక్కన పెట్టేశారు.

నెల దాటింది, ఒక్క బొబ్బ లేదు. పేరు అడిగితే నవ్వి ఊరుకున్నారు. అయ్యా, నా పాదం పట్టిన ఆ చేతులకు నమస్కారం.