విశాఖ కొండల మంటలు: పని జనవరిలోనే మొదలవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

వేసవి వచ్చిందంటే విశాఖపట్నం చుట్టూ ఉన్న కొండల మీద పొగ లేవడం, రాత్రివేళ సింహాచలం వైపో కంబాలకొండ వైపో ఎర్రటి గీత ఒకటి పైకి పాకుతూ కనిపించడం మనకు ఎంతగా అలవాటైపోయిందంటే, చాలామంది దాన్ని ఎండల వల్ల దానంతటదే పుట్టే విపత్తుగా భావిస్తున్నారు. ఎండ ఆకును ఆరబెట్టగలదు గానీ రాజేయలేదు. మన దేశంలో అడవి మంటల్లో అత్యధిక భాగం మనుషుల వల్ల పుట్టేవేనని అటవీ శాఖే చెబుతోంది.

ఈ మాట రాగానే నింద మన్యం గిరిజనుల మీదికి పోతుంది. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఎండుటాకులు కాల్చడం, పశువులకు లేత గడ్డి మొలవాలని నిప్పు పెట్టడం, పోడు కొట్టడం కొండ ప్రాంతాల్లో కారణాలే, కాదనను. అయితే నగరం అంచున కాలుతున్న కొండకు పోడును కారణంగా చూపడం కుదరదు. ఇక్కడ నిప్పు కొండ దిగువన ఉన్న మన కాలనీల నుంచే పోతోంది. ఊడ్చిన ఆకులనూ చెత్తనూ ప్రహరీ అవతల పోసి తగలబెట్టేవారు, ఖాళీ స్థలంలో తుప్పలు నరికించడానికి కూలి ఎందుకని అగ్గిపుల్ల గీసేవారు, సాయంత్రం కొండెక్కి వంట చేసుకుని పొయ్యి ఆర్పకుండా దిగిపోయేవారు, బీడీ ముక్కను నలపకుండా గడ్డిలోకి విసిరేవారు ఏ మారుమూల గూడెం వాళ్లూ కారు.

వాలు మీద మంట పైకి ఎక్కుతున్నప్పుడు జ్వాల ఎదుటి గడ్డి మీదికి వంగి దాన్ని ముందే వేడెక్కించి ఆరబెడుతుంది గనుక, చదును నేల మీద కంటే ఎంతో వేగంగా సాగుతుంది. అందువల్ల దిగువన ప్రహరీ పక్కన రాజేసిన చెత్తకుప్ప శిఖరం దాకా పోవడానికి ఎక్కువ సమయం పట్టదు. దీనికి తోడు కొండలంతా అల్లుకుపోయిన లంటానా అనే విదేశీ కలుపు పొదలు మంటను నేల నుంచి కొమ్మలకు అందిస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కూల్చిన చెట్ల మానులు కూడా ఎండి, కాలడానికి సిద్ధమైన సరుకుగా మారాయి.

వానలు పడ్డాక కొండ మళ్లీ పచ్చబడుతుంది కాబట్టి నష్టమేమీ జరగలేదని కొందరి వాదన. మన దగ్గర మంట ఎక్కువగా నేల మీదే పాకుతుంది, పెద్ద చెట్లు చాలావరకు తట్టుకుంటాయి. పోయేవి వాటి కింది మొలకలు, విత్తనాలు, నేలను కప్పి ఉంచే ఆకుల పొర, పరుగెత్తలేని నక్షత్ర తాబేళ్లు, నేల మీద గూడు పెట్టే పక్షుల గుడ్లు. లంటానా మాత్రం వేరు నుంచి మళ్లీ చిగురిస్తుంది. కాలిన ప్రతిసారీ దేశవాళీ మొక్కల చోటు అది ఆక్రమించుకుంటుంది, మరుసటి వేసవికి మంటకు మేత పెరుగుతుంది. పచ్చదనం చూసి మురిసిపోయేవారు ఏ మొక్క పచ్చదనమో కూడా చూడాలి. ఇక ఆకుల పొర కాలిపోయిన వాలు మీద తొలకరి నీరు ఇంకదు. బూడిదనూ మట్టినీ ఈడ్చుకుంటూ గెడ్డల్లోకి దిగుతుంది. ముడసర్లోవ జలాశయానికి నీరిచ్చేది కంబాలకొండ వాలులే అన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి.

మంట రేగాక హెలికాప్టర్లు ఏవని అడగడం మనకు పరిపాటి. 2014 మార్చిలో తిరుమల కొండల్లో మంటలు ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు వచ్చిన మాట నిజమే, అయితే అది పరిస్థితి చేయి దాటాక చేసే పని. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాల ద్వారా మంటలను గుర్తించి సెల్‌ఫోన్లకు హెచ్చరికలు పంపుతోంది. అది మంచి ఏర్పాటే గానీ ఉపగ్రహం ఒక చోటు మీదుగా రోజుకు కొన్నిసార్లే పోతుంది. ఈలోగా రేగి ఆరిపోయిన చిన్న మంట దాని కంట పడకపోవచ్చు. కొండ అంచున కాపురముండేవాడికి ఆ మంట మొదటి పది నిమిషాల్లోనే కనిపిస్తుంది, పచ్చి మండలతో కొట్టి ఆర్పగలిగేదీ అప్పుడే.

కాబట్టి అసలు పని జనవరిలో జరగాలి. కాలనీలకూ అడవికీ మధ్య ఎండుగడ్డినీ ఆకులనూ తొలగించి, నేల బయటపడేలా ఫైర్ లైన్లు గీయాలి. ఏప్రిల్‌లో గీసే ఫైర్ లైన్ నా దృష్టిలో వృథా ఖర్చు. మంటలను కనిపెట్టే కాపలా కూలీలైన ఫైర్ వాచర్లను తొలకరి దాకా పనిలో ఉంచి, వారి కూలి నెలనెలా అందేలా చూడాలి. లంటానాను నరికి వదిలేయకుండా వేళ్లతో సహా పెకలించాలి. మంటల తరువాత హడావిడిగా మొక్కలు నాటే కార్యక్రమాల కంటే, కాలిన చోటును రెండు మూడేళ్లు మళ్లీ కాలకుండా కాపాడితే మోడుల నుంచి వచ్చే చిగుళ్లే ఎక్కువ ప్రయోజనం ఇస్తాయి.

1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవికి నిప్పు పెట్టడం నేరం. ప్రహరీ అవతల ఆకులు తగలబెట్టేవారిలో ఎక్కువమందికి ఆ సంగతే తెలియదు. మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) వారు కొండ అంచు వార్డుల్లో జనవరి నుంచి జూన్ వరకు ఎండుటాకులను విడిగా సేకరించే ఏర్పాటు చేస్తే కాల్చవలసిన అవసరమే చాలావరకు తప్పుతుంది. అటవీ శాఖ వారు కొండెక్కే ప్రతి దారి మొదట్లోనూ ఈ చట్టం సంగతినీ, పొగ కనిపిస్తే ఫోన్ చేయవలసిన అటవీ సిబ్బంది నంబరునూ, అగ్నిమాపక శాఖ 101నూ తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
ఆరిలోవ, విశాఖపట్నం.