ఉచిత న్యాయ సలహా కేంద్రం: 2025-26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

మన కమ్యూనిటీ హాలులో ఆదివారం పొద్దున నడిపే న్యాయ సలహా కేంద్రం, పండగ రోజులు మినహా, ఏడాది పొడవునా నడిచింది. కోర్టులో ఉద్యోగం చేసి రిటైరైన సభ్యులు, కాలనీలో ఉంటున్న లాయర్లు వంతులవారీగా కూర్చున్నారు. ఇక్కడ వకాలత్ పుచ్చుకోం, కేసులు వాదించం, పైసా తీసుకోం. వచ్చినవాళ్ల కాగితాలు చూసి, ఏ ఆఫీసుకు వెళ్లాలో చెప్పి, అర్జీ రాసిపెట్టడం వరకే మన పని. "ఇంతోటిదానికి హాలు ఎందుకు?" అని కిందటి సర్వసభ్య సమావేశంలో కొందరు అడిగారు. నివేదిక చదివి వాళ్లే చెప్పాలి.

వచ్చినవాళ్లలో ఎక్కువమంది గుంటూరు మిర్చి యార్డు మీద బతికే కూలీలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, ఆటో డ్రైవర్లు. సమస్యలు రకరకాలు. చిక్కు మాత్రం చాలామందికి ఒక్కటే, ఆలస్యంగా రావడం. పెద్దమనుషులు మాట్లాడతారని, ఎదుటివాడు పండక్కి ఇస్తానన్నాడని ఆగుతారు. ఈలోపు గడువు దాటిపోతుంది.

ఈ ఏడాది ఎక్కువగా చూసింది ప్రోనోట్లు. మిరపకాయల తొడిమలు తీసే ఒకావిడ కూలి డబ్బులు కూడబెట్టి తెలిసినవాళ్లకు అప్పిచ్చింది. నోటును ఆధార్ జిరాక్సుతో కలిపి ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెచ్చింది. రెవెన్యూ స్టాంపు ఉంది, దాని మీద సంతకం ఉంది. తేదీ చూస్తే కోర్టుకు వెళ్లడానికి ఉన్న మూడేళ్ల గడువు నిండడానికి ఇంకా కొద్ది రోజులే. మధ్యలో వడ్డీ ముట్టిందని చెప్పింది కానీ నోటు వెనక ఒక్క చెల్లు (డబ్బు ముట్టినట్టు రాత) కూడా లేదు. అప్పు తీసుకున్నాయన మంచివాడే. ఆ వారంలోనే కొంత కట్టి, వెనక చెల్లు రాసి, తేదీ వేసి సంతకం పెట్టాడు. ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్ల గడువు వచ్చింది. ఇలాంటి నోటుతోనే ఇంకొకాయన వచ్చాడు. ఆయనది అప్పటికే గడువు దాటి కాలదోషం పట్టింది. ఎదుటివాడు బాకీ తీరుస్తానని మళ్లీ కాగితం రాసి సంతకం పెడితే చట్టం ఒప్పుకుంటుంది. అడిగితే ముఖం చాటేసేవాడు రాస్తాడా? ఆయనకు మేం చేయగలిగింది ఏమీ లేకపోయింది. సభ్యులు తమ ఇంట్లో పనిచేసేవాళ్లకు ఈ రెండు ముక్కలు చెప్పాలి. స్టాంపు లేని ప్రోనోటు కోర్టులో సాక్ష్యంగా పనికిరాదు. డబ్బు ముట్టినప్పుడల్లా చెల్లు వేయించుకోవాలి.

చెక్కు బౌన్సులకు గడువు ఇంకా తక్కువ. బ్యాంకు నుంచి మెమో అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. అది అందాక 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆపై నెలలోగా కోర్టులో కేసు వేయాలి.

కోర్టుకు వెళ్లక తప్పనివాళ్లను జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పంపాం. ఉచిత న్యాయ సహాయం అందించాలన్న 39ఎ అధికరణం 1976లో రాజ్యాంగంలో చేరింది, 1987లో దానికి చట్టం వచ్చింది, 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉంది. అయినా ఉచిత లాయరు ఉంటారన్న సంగతే చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా తెల్ల కార్డు ఉండాలేమో అనుకుంటున్నారు. ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, కార్ఖానా కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేదు. మిగతావాళ్లకు మన రాష్ట్రంలో ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉంటే చాలు. తెల్లకాగితం మీద అర్జీ రాసిస్తే లాయరు ఫీజు, కోర్టు ఫీజు, టైపింగ్, నకళ్ల ఖర్చు అన్నీ వాళ్లే చూసుకుంటారు. ఫోనులో అడగాలంటే 15100కు చేయవచ్చు, కాల్ ఉచితం.

"ఊరికే వచ్చే లాయరు మనసు పెట్టి వాదిస్తాడా?" అని దాదాపు ప్రతి ఒక్కరూ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మేం పంపినవాళ్లలో కొందరికి చాలా మంచి లాయర్లు దొరికారు, కొందరికి వాయిదాల మీద వాయిదాలే మిగిలాయి. లాయరు పట్టించుకోకపోతే మార్చమని అర్జీ పెట్టుకోవచ్చు. డబ్బులు అడిగితే సంస్థకే ఫిర్యాదు చేయాలి, కక్షిదారు దగ్గర ఫీజు తీసుకోకూడదని నిబంధన ఉంది. ఈ రెండూ ముందే చెప్పి పంపిస్తున్నాం.

లోక్ అదాలత్‌లో రాజీపడినవాళ్లకు కేసు త్వరగా తెమిలింది, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వచ్చింది. అక్కడ ఇచ్చిన అవార్డు (రాజీ తీర్పు) మీద అప్పీలు లేదు కాబట్టి, సంతకం పెట్టేముందు చదివించుకుని, అర్థమయ్యాకే పెట్టమని అందరికీ చెబుతున్నాం.

పిల్లలు చూడటం లేదని వచ్చిన పెద్దవాళ్లను చూస్తే మనసు పాడవుతుంది. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం వచ్చిన 2007 చట్టం కింద ఆర్డీఓ గారి దగ్గర ట్రిబ్యునల్ ఉంది. నెలకు 10 వేల వరకు భరణం వేయవచ్చు. అక్కడ లాయరుతో పని లేదు, అర్జీ మేమే రాసిపెట్టాం. ఇల్లు కొడుకు పేర రాసిచ్చాక వచ్చినవాళ్లతోనే కష్టం. పోషించాలన్న షరతు గిఫ్టు దస్తావేజులో ఉంటే దాన్ని రద్దు చేయించడం తేలిక. లేకపోతే షరతు ఉందని రుజువు చేయడానికి తిప్పలే. రిజిస్ట్రేషన్‌కు వెళ్లేముందు ఒక్క ఆదివారం మా దగ్గరకు పంపండి.

నవంబరు 9, న్యాయ సేవల దినం నాడు పెట్టిన సమావేశానికి జనం పలచగానే వచ్చారు. పొద్దున పూట పెడితే కూలీలు ఎలా వస్తారు? వచ్చే ఏడాది సాయంత్రం పెట్టాలని కమిటీ అనుకుంటోంది.

జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం. ఖర్చులో సింహభాగం జిరాక్సులకే పోయింది. ఎవరి దగ్గరైనా పనిచేసే పాత మెషీను ఉంటే ఇవ్వగలరు. గృహహింస బాధితులు మగవాళ్ల ముందు నోరు విప్పలేకపోతున్నారు కాబట్టి, ఆదివారం రెండు గంటలు కేటాయించగల మహిళా సభ్యులు కార్యదర్శికి పేరు ఇవ్వాలని కోరుతున్నాం.