బంగారు వాచీకి వద్దన్న పాలిష్: ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: 18 క్యారెట్ల బంగారు ఒమేగా కాన్‌స్టెలేషన్ వాచీకి వద్దన్నా పాలిష్ చేసి, డయల్‌కు రంగు వేయడం గురించి.

అయ్యా,

గత నెల 6న ఈ వాచీని మీ విజయవాడ కౌంటర్‌లో నేనే ఇచ్చాను. క్లీనింగ్, ఆయిలింగ్ మాత్రమే చేయమన్నాను. జాబ్ కార్డు మీద "పాలిష్ వద్దు, డయల్ ముట్టుకోవద్దు" అని నా చేత్తో రాసి, కింద గీత కూడా గీశాను. దాని జిరాక్స్ జత చేస్తున్నాను. మొన్న శుక్రవారం వాచీ ఇంటికొచ్చింది. డబ్బా తెరవగానే మా ఆవిడ "అబ్బ, కొత్తదానిలా ఉందే" అంది. నాకు గుండె గుభేలుమంది.

కొత్తదే కావాలనుకుంటే షోరూముకే వెళ్ళేవాణ్ణి కదండీ. ఇది 1950ల చివరి సరుకు. లోపల 505 నంబరు ఆటోమేటిక్ యంత్రం, అరుగుదల ఆపే 24 జ్యువెల్స్ (చిన్న రాళ్ళు). డయల్ చుట్టూ పన్నెండు పలకలు కిందికి వాలి ఉంటాయి, దాన్ని పాత వాచీల పిచ్చి ఉన్న మాలాంటివాళ్ళు పై-పాన్ అంటారు. అరవై ఏళ్ళు దాటేసరికి అది మీగడ రంగుకు తిరిగింది. ఆ రంగు చూసే అంత డబ్బు పెట్టి కొన్నాను. ఇప్పుడు సున్నం కొట్టిన గోడలా ఉంది, పలకల అంచులు రంగులో పూడిపోయాయి.

ఆరు గంటల గుర్తు దగ్గర ఇంకా ఘోరం. మునుపు అక్కడ "స్విస్ మేడ్" అని మాత్రమే ఉండేది. మీవాళ్ళు దానికి అటొక "టి", ఇటొక "టి" చేర్చారు. చీకట్లో వెలిగే ట్రిటియం పూత ఉన్న డయల్ అని చెప్పే గుర్తది, 1960ల్లో వాడుకలోకి వచ్చింది. నా వాచీ డయల్ మీద గాని, ముళ్ళ మీద గాని చీకట్లో వెలిగే చుక్క ఒక్కటీ లేదు. ఇంకెవరిదో డయల్ చూసి దించేశారన్నమాట.

ఇక కేస్. పట్టీ బిగించే కొమ్ములు, అంటే లగ్స్, వాటి అంచులు కత్తిలా ఉండేవి, ఇప్పుడు చప్పరించిన బిళ్ళలా గుండ్రబడ్డాయి. వెనక మూత మీద అబ్జర్వేటరీ గుమ్మటం, దాని పైన ఎనిమిది నక్షత్రాలు ఉబ్బెత్తుగా ఉంటాయి. గోరుతో తడిమితే మూడే తగులుతున్నాయి. లగ్ వెనక 18 క్యారెట్లకు స్విట్జర్లాండ్‌లో వేసిన హెల్వెషియా (ఆ దేశానికి ప్రతీక అయిన స్త్రీ) తల ముద్ర ఉండేది. భూతద్దంలో చూస్తే ముఖం పోయి మచ్చ మిగిలింది. మూత లోపల పాత మెకానిక్కులు సూదితో గీసుకున్న సర్వీస్ తేదీలుండేవి, 1971 ఒకటి, 1984 ఒకటి. మూత మార్చలేదనడానికి నాకున్న ఆధారం అవే. వాటినీ బఫ్ చేసి, అంటే మెరిసేలా రుద్ది, చెరిపేశారు. అరిగిన బంగారం తూకం గురించి నేను గొడవ పడటం లేదు, పోయిన అంచును తిరిగి ఎవరు తెస్తారు?

ఫోన్ చేస్తే మీ కౌంటర్ అబ్బాయి "పాలిష్ ఫ్రీగానే చేశాం కదా సార్" అన్నాడు. డయల్‌కు మాత్రం రూ. 4,800 బిల్లు వేశారు. పిలవని పేరంటానికి రావడం విన్నాను గాని, వచ్చి తాంబూలం అడిగి పుచ్చుకోవడం ఇదే చూడటం.

యంత్రం పని బాగుంది, ఒప్పుకుంటాను. రోజుకు అయిదారు సెకన్లకు మించి తేడా రావడం లేదు. ఆ మెకానిక్ ఎవరో గాని, ఆయన్ని ఏమీ అనకండి.

డయల్ సొమ్ము వాపసు ఇవ్వండి. ఎవరు చెబితే పాలిష్ చేశారో, డయల్ ఎక్కడికి పంపారో రాతపూర్వకంగా తెలపండి. చెప్పకుండా మార్చేసిన పాత క్రౌన్ (కీ తిప్పే బొడిపె) నాకు తిరిగి కావాలి. పడిపోయిన విలువకు నష్టపరిహారం ఎంతన్నది ఇద్దరికీ సమ్మతమైన నిపుణుడి చేత లెక్క కట్టిద్దాం, ఆయన ఫీజు మీది. ఇచ్చేముందు, వచ్చాక తీసిన ఫొటోలు రెండూ పంపుతున్నాను. 15 రోజుల్లో జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను.

మరో మాట. నా బంగారు టిస్సో ఒకటి ఇంకా మీ దగ్గరే ఉంది. దాని మూత కూడా తీయకండి, కొరియర్ చేయకండి. శనివారం పొద్దున్నే నేనే వచ్చి పట్టుకెళ్తాను.

ఇట్లు,
మీ కస్టమర్